పోచమ్మా, నా మిషనూ ఒక్కచోటే చూపించిన రోజు

ముహూర్తం చూసి గడప దాటే మనిషిని కాను. బస్సు టైము మాత్రం మూడుసార్లు అడుగుతాను. అందుకే మే నెలలో ఒక గురువారం తెల్లవారి ఐదుంబావుకే కరీంనగర్ బస్టాండులో ఉన్నాను. చేతిలో ఇనుప పెట్టె, భుజానికి తీగ చుట్టలు, సంచిలో నాలుగు ఇనుప కడ్డీలు, ఒక సుత్తి. పెట్టెలో ఉన్నది భూమిలోకి కరెంటు పంపి నీళ్ల జాడ చెప్పే మిషను. అదే పని చేసి రిటైరయ్యాను, అయినా బంధువులు నన్ను రిటైర్ కానివ్వరు.

ఈసారి పిలిచింది తిరుపతి, మా ఆవిడ సులోచనకు చిన్నమ్మ కొడుకు. తొమ్మిదేళ్లు మస్కట్‌లో పని చేసి వచ్చి, ఆసిఫాబాద్ దగ్గర తమ పత్తి చేనులో రెండు బోర్లు వేయించాడు. రెండింట్లోనూ దుమ్మే లేచింది. "బావా, గురువారం మూడో బోరు. ఇదే ఆఖరు" అన్నాడు ఫోనులో. "గిది పడకపోతే మల్ల మస్కట్ పోతా. వీసా వచ్చి ఉన్నది. ఆ పొద్దు గూకేలోపల ఏజెంటుకు మాట చెప్పాలె."

బయల్దేరుతుంటే సులోచన టిఫిన్ డబ్బా చేతికిస్తూ, "పోచమ్మకు మొక్కుకున్న. మీరు నవ్వకుండ్రి" అంది. నేను నవ్వలేదు. డబ్బా ఇంకా పూర్తిగా నా చేతికి రాలేదు.

పెద్దపల్లి బస్సు అయిదున్నరకు కదిలింది. నాకు టికెట్ కొట్టాక కండక్టరు పెట్టెను కాలితో మెల్లగా తాకి చూసింది. "ఏమున్నది సార్ ఇండ్ల?"

"నీళ్లు చూసే మిషను."

"అట్లనా? మా ఇంటికాడ నల్లా నీళ్లు ఎప్పుడొస్తయో చూస్తదా?" అంది. బస్సంతా నవ్వింది. పెట్టెకు లగేజీ టికెట్ మాత్రం కొట్టలేదు, ఆ మేలు మరిచిపోను.

ఆరున్నరకు పెద్దపల్లి స్టేషన్. ఆసిఫాబాద్ రోడ్డు స్టేషనుకు టికెట్ ముప్పై అయిదు రూపాయలు, చాయ్ పది. ఏడుంబావు ప్యాసింజరు ఏడు నలభైకి వచ్చింది. ఈ దారిలో వచ్చేవాళ్లకు నా సలహా, కుడివైపు కిటికీ పట్టుకోవద్దు, పొద్దుటి ఎండంతా మొహం మీదే. నాకు అదే దొరికింది.

మంచిర్యాలలో శ్రీరాంపూర్ బాయిలో పని చేసే మనిషి ఒకడు ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు. బాయంటే బొగ్గు గని. పెట్టె సంగతి చెప్పగానే పడిపడి నవ్వాడు. "మీరు నీళ్లకోసం తిరుగుతున్నరా? మాకు లోపల వద్దన్నా వస్తయ్. పొద్దుమాపు మోటర్లు పెట్టి తోడుడే."

సందు దొరికింది కదా అని నేను నా పాత పాట ఎత్తుకున్నాను. గనిలోకి దిగేముందు దేవుడికి మొక్కుతారా అని అడిగాను.

"మైసమ్మకు మొక్కుతం. తర్వాత లోపల గ్యాసున్నదా అని చూస్తరు. గప్పుడు పని."

"రెండిట్ల ఒకటి బంద్ పెట్టుమంటే ఏది పెడ్తవు?"

ఆయన నా డబ్బాలోంచి పూరీ ఒకటి తీసుకుని ఆలోచిస్తూ తిన్నాడు. "మొక్కుడు బంద్ పెడ్తే భయమైతది సార్. గ్యాస్ చూసుడు బంద్ పెడ్తే సచ్చిపోతం." బెల్లంపల్లిలో దిగిపోయాడు. నలభై ఏళ్లుగా నేను మూఢనమ్మకాల మీద మీటింగుల్లో గంటసేపు చెప్పే మాటను ఒక పూరీ తినేలోపల చెప్పేశాడని నాకు కొంచెం కడుపుమంటగానే అనిపించింది.

పదింటికి ఆసిఫాబాద్ రోడ్డులో దిగాను. తిరుపతి బండి తెచ్చాడు. చొక్కా జేబులో పాస్‌పోర్టు అంచు కనబడుతోంది. "ఇది వెంట ఎందుకురా?" అన్నాను. "ఏజెంటు ఎప్పుడు పిలుస్తడో ఎర్కలే బావా" అన్నాడు.

చేను దగ్గర చిన్నత్త లచ్చవ్వ, అంటే తిరుపతి వాళ్ల అమ్మ, ఎదురొచ్చింది. ఆమె వెనకాల తెల్ల ధోతి కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన, అరచేతిలో పీచు తీయని కొబ్బరికాయతో నిలబడి ఉన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఈయన శంకరయ్య. కాయతోని నీళ్లు చూస్తడు" అంది చిన్నత్త. "మీరు కోపం చెయ్యకుండ్రి అల్లుడా. మీ మిషను మీదే, ఆయన కాయ ఆయనదే."

శంకరయ్య అప్పటికే ఒక చోటు చెప్పాడట, కింది గట్టున మేడిచెట్టు పక్కన. అక్కడ కాయ అరచేతిలో నిలువుగా లేచి నిలబడిందట. నేను ఊరుకుంటానా? కళ్లకు గంతలు కట్టుకుని అదే చోటు మళ్లీ చూపించమన్నాను. ఆయన కాదనలేదు. తిరుపతి తువ్వాలతో కళ్లు కట్టి, నాలుగు చుట్లు తిప్పి వదిలాం. కాయ మూడు చోట్ల నిలబడింది. ఒకటి పాత ఎండు బోరు పక్కన, ఒకటి ఎడ్లబండి దారిలో, మూడోది పెంటకుప్ప మీద. మేడిచెట్టు చాయలకే పోలేదు.

"పెంటకుప్పల బోరేద్దామా చిన్నత్తా?" అని అడిగాను. ఆ గెలుపు నాకు ఎంత బాగుందో దాచను. శంకరయ్య మాత్రం తువ్వాల విప్పి, మొహం తుడుచుకుని, "మీ మిషను కానియ్యుండ్రి సార్" అని నీడన కూర్చున్నాడు.

రెండు గంటలు ఎండలో కడ్డీలు కొట్టాం, తీగలు లాగాం, అంకెలు రాసుకున్నాం. మేడిచెట్టు దిక్కు మాత్రం పంతానికి కడ్డీ కొట్టలేదు. మిగతా చేనంతటిలో ఒక్కచోట అంకె బాగా తగ్గింది. అక్కడ భూమి కరెంటును సులువుగా పోనిస్తోంది, అంటే తడి ఉండాలి. సరిగ్గా చేను నడుమ. నేను అక్కడ కర్ర పాతి, బడిలో పాఠం చెప్పినట్టు గొంతు పెంచి, "ఇగో ఇక్కడ. ఇది లెక్క, నమ్మకం కాదు" అన్నాను.

చిన్నత్త చేతులు జోడించింది. "పోచమ్మ కూడ గాడనే చెప్పింది అల్లుడా. మొన్న కలల అచ్చం గా జాగనే చూపెట్టింది."

పోచమ్మకూ నాకూ నలభై ఏళ్లుగా ఒక్క విషయంలోనూ పొత్తు కుదరలేదు. అలాంటిది ఇప్పుడు ఇద్దరం ఒక్కచోటే వేలు పెట్టామంటే నాకు సంతోషం కలగలేదు, అనుమానం కలిగింది. అయినా బయటికి గంభీరంగానే ఉన్నాను. బోరు బండి దారిలో ఉందని ఫోను వచ్చింది. జొన్న రొట్టె, పచ్చిపులుసు తిని లేచేసరికి ఒంటిగంటన్నర.

వచ్చి చూస్తే శంకరయ్య నా కర్ర దగ్గర గొంతుక్కూర్చుని, చిటికెడు మన్ను నాలుక మీద వేసుకుంటున్నాడు. నన్ను చూసి దగ్గరికి పిలిచాడు.

"సార్, మన్ను ఉప్పగున్నది."

నేనూ నాలుక మీద వేసుకున్నాను. ఉప్పే. కొంచెం పసుపు వాసన కూడా. లేచి చిన్నత్తను పిలిచాను.

"చిన్నత్తా, ఇక్కడ ఏమన్నా పోసినవా?"

"నిన్న మాపు ఉప్పు, పసుపు కలిపి నాలుగు బిందెలు పోసిన. బోరుకు దిష్టి తగలద్దని. అమ్మ చూపెట్టిన జాగాయె. తప్పా అల్లుడా?"

తప్పు ఆమెది కాదు. ఉప్పునీళ్లు తాగిన మన్నులో కరెంటు పరుగెత్తుతుంది. నా మిషను కనిపెట్టింది భూగర్భంలో గంగను కాదు, చిన్నత్త నాలుగు బిందెలను. పోచమ్మా నేనూ ఏకాభిప్రాయానికి రావడం వెనక ఉన్నది ఇదీ.

ఇప్పుడొక మాట ఒప్పుకోవాలి. ఉప్పు వల్లే అంకె తగ్గిందని తెలిసింది నాకూ శంకరయ్యకూ మాత్రమే. కాసేపు నోరు మూసుకుంటే నా పరువు దక్కుతుంది, బోరు ఎండితే తప్పు భూమి మీద వేయొచ్చు. దూరంగా బోరు బండి చప్పుడు వినబడుతోంది. తిరుపతి జేబు మీద చెయ్యి పెట్టుకుని దారివైపే చూస్తున్నాడు. ఆ చెయ్యి చూశాక నాకు సిగ్గేసింది.

"తిరుపతీ, నేను చెప్పింది తప్పు" అన్నాను గట్టిగా. "ఇక్కడ వెయ్యద్దు." అని నా చేత్తోనే కర్ర పీకేశాను. పీకడం పాతినంత సులువు కాలేదు.

తర్వాత శంకరయ్యను పక్కకు తీసుకుపోయాను. "నిజం చెప్పు పెద్దమనిషీ. కాయ పక్కన పెట్టు. నీకు మేడిచెట్టు కాడనే ఎందుకు అనిపించింది?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఎండకాలం గూడ గా మేడి ఆకు ఎంత పచ్చగున్నదో చూడుండ్రి. పక్కన చెదల పుట్టున్నది, దాని మన్ను లోపల తడే. వానకాలం చేను నీళ్లన్ని గటే పోయి ఇంకుతయ్. ఎండిన రెండు బోర్లు మీది దిక్కున్నయ్. ముప్పై ఏండ్ల సంది ఇయ్యే చూస్తున్న."

"మరి ఈ కాయెందుకు?"

"కాయ లేకుంటే నా మాట ఎవలింటరు సార్? మీకు పెట్టె లేదా?"

పెట్టె ఎత్తుకుని మేడిచెట్టు దగ్గరికి నడిచాను. ఈసారి కడ్డీ కొట్టే ప్రతిచోటా ముందు మన్ను నాకి చూశాను. చిన్నత్త ఏమనుకుందో ఏమో, నాకు మంచినీళ్లు తెచ్చిచ్చింది. కింద లోతులో అంకెలు తగ్గాయి, పైన కాదు. శంకరయ్యకు చూపిస్తే ఆయన అంకెలను కాసేపు చూసి, అర్థమైనట్టే తల ఊపాడు.

రెండున్నరకు బోరు బండి పని మొదలుపెట్టింది. వంద అడుగులు, దుమ్ము. నూట ఎనభై, దుమ్ము. రెండు వందల ముప్పై, తెల్ల రాతిపిండి అందరి మొహాల మీదా కప్పింది. తిరుపతి ఫోను మోగింది, ఏజెంటు. ఎత్తలేదు. అప్పుడే చూసుకున్నాను, నా రెండు చేతులు దగ్గరికి చేరి ఉన్నాయి. వెచ్చదనం కోసం అరచేతులు రుద్దుకుంటున్నాను, అంతే. మే నెలలో, బోరు బండి పక్కన, నలభై మూడు డిగ్రీలలో.

రెండు వందల అరవై దగ్గర దుమ్ము ఆగి బురద వచ్చింది. బురద వెనక నీళ్లు మనిషెత్తు లేచాయి. తిరుపతి అలాగే తడుస్తూ నిలబడిపోయాడు, ఏడుస్తున్నాడో తడుస్తున్నాడో తెలియలేదు. చిన్నత్త నీళ్లవైపు చూడనే లేదు. నేరుగా కొడుకు దగ్గరికి పోయి, జేబులోంచి పాస్‌పోర్టు తీసి, కొంగుతో తుడిచి, ఆ కొంగులోనే ముడి వేసుకుంది.

"ఇగ గిది నా తాన్నే ఉంటది బిడ్డా" అంది.

తిరుగు బండి అయిదు నలభైకి. శంకరయ్య కాయ పగలగొట్టి సగం నాకు కట్టిచ్చాడు. సగం చెక్క, ఇనుప పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మంచిర్యాల దాటాక సులోచన ఫోను చేసింది. "పోచమ్మకు మొక్కుకున్నట్టే పడ్డయట గదా." అవునన్నాను. నీళ్లు ఎవరి పుణ్యమంటే, అంతకుముందే చిన్నత్త అమ్మవారన్నది, శంకరయ్య మేడిచెట్టన్నాడు, తిరుపతి మా బావే అన్నాడు. నా నోటుబుక్కులో మాత్రం ఇలా రాసుకున్నాను: ఒక బోరు పడితే ఏదీ రుజువు కాదు. కడ్డీ కొట్టేముందు మన్ను నాకాలి, ఇంట్లో పెద్దామెను ఏం పోసిందో అడగాలి.

పెద్దపల్లిలో దిగి బస్సుకోసం నిలబడితే, మంథని వైపు రైతు ఒకాయన పెట్టెను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు. "సార్, మీరు బోరు పాయింటు పెడ్తే నీళ్లు తప్పకుండ పడ్తయా?"

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఈ ప్రశ్నకు తప్పకుండా అనే చెప్పాను. ఈసారి అనలేకపోయాను. "తప్పచ్చు. ఇయ్యాల పొద్దుగాల్నే తప్పిన" అన్నాను.

ఆయన నన్ను కిందికీ మీదికీ చూశాడు. "అయితే మీరే రాండ్రి సార్. తప్పకుండ పడ్తయన్నోల్లు ఇప్పటిదాక ముగ్గురొచ్చి పోయిండ్రు" అన్నాడు.