మేనమామ కిటికీ

చుట్టాలాయనకి ఉన్నది ఒక్కటే పిచ్చి. కంప్యూటర్లకి వరసలు కలుపుతారు.

ఆయన పనిచేసే మందుల గోడౌన్ వ్యవహారమంతా కింది గదిలోని పాత సర్వరులో ఉంటుంది. పైన బల్లల మీదివన్నీ లినక్స్ కంప్యూటర్లు. వాటిలో ఆకుపచ్చ అక్షరాల కిటికీ ఒకటి తెరిచి సర్వరులోకి వెళ్ళాలి. గుమ్మంలోనే అది కిటికీ పేరడుగుతుంది. ఇంగ్లీషులో పదక్షరాలు దాటితే రానివ్వదు. ఒకే పేరుతో ఇద్దరొచ్చినా రానివ్వదు. ఇంకెవరైనా అయితే ఒకటీ రెండూ అని నంబర్లిచ్చి ఊరుకుంటారు. ఈయన పెద్దత్త, బాబాయ్, తోడల్లుడు అని పెట్టుకున్నారు.

"ఏవండోయ్, పెద్దత్త అలిగింది! ఏం కొట్టినా పలకట్లేదు," అని ప్యాకింగ్ హాల్లోంచి ఫోనొస్తుంది.

"రీసెట్ నొక్కి బతిమాలండి. గట్టిగా కొడితే ఇంకా బిగుసుకుంటుంది," అంటారీయన.

పిల్లల కోసం ఎనిమిదేళ్ళు ఇంట్లో ఉండి, మళ్ళీ ఉద్యోగంలోకొచ్చిన సిస్టమ్స్ ఆవిడ మొదటిరోజే నోరెళ్ళబెట్టింది. ఆమె కిటికీకి ఆయన పెట్టిన పేరు మేనమామ.

"ఆడదాన్ని, నేను మేనమామనేంటండీ?"

"కొత్తగా వచ్చినవాళ్ళందరికీ అదేనమ్మా."

మూణ్ణెల్ల ట్రయల్ ముగింపుకొచ్చింది. ఉంచుతారో పంపిస్తారో శుక్రవారం మేనేజరు చెప్పాలి. ఈ చుట్టాల సంత ఎత్తేస్తే మెచ్చుకుంటారని ఆవిడ ఆశ. గురువారం పన్నునొప్పితో చుట్టాలాయన సెలవు పెట్టారు. ఇదే సందని, సాయంత్రం అందరూ వెళ్ళాక పని మొదలుపెట్టింది. పెద్దత్త సీటు-ఒకటి అయింది, బాబాయ్ సీటు-రెండయ్యాడు. ఆమె కూర్చున్న మేనమామ ఒక్కడే మిగిలాడు. లోపలున్నవాళ్ళ పేరు సర్వరు మార్చనివ్వదు మరి.

శుక్రవారం పొద్దున ఒక్క ప్రింటరూ పలకలేదు. ఏ కాగితం ఏ ప్రింటరుకి పంపాలో సర్వరు ఆ పేర్లని బట్టే చూసుకుంటుందని ఆవిడకేం తెలుసు! చీటీల్లేక మూడు వ్యాన్లు గేటు దగ్గరే ఆగిపోయాయి. మందులేవని ఆసుపత్రుల ఫోన్లు. ఆవిడ చుట్టాలాయనకి ఫోన్ చేసింది. ఉద్యోగం ఊడిందనే అనుకుంది.

వాచిన బుగ్గతోనే చుట్టాలాయన పరిగెత్తుకొచ్చారు.

"పెద్దత్తేదమ్మా?"

"సీటు-ఒకటండీ..."

"ఓరి నాయనో! నిక్షేపంలాంటి మనిషికి నంబరేశావా!"

అరగంటలో చుట్టాలందరినీ వెనక్కి పిలిచారు. ప్రింటర్లు గరగరమన్నాయి, వ్యాన్లు కదిలాయి. అమ్మయ్య అంటూ ఆవిడ కుర్చీలో కూలబడింది.

అంతలో మేనేజరు సర్వరు రాసిన తప్పుల జాబితా పట్టుకొచ్చారు. ఎవరేం చెడగొట్టినా అందులో పడేది కిటికీ పేరే, మనిషి పేరు కాదు.

"మళ్ళీ మేనమామేనా?"

"నేనే సార్," అన్నారు చుట్టాలాయన.

"నిన్న మీరు సెలవు కదండీ! పన్ను పీకించుకుంటూ కూడా చెడగొట్టారా?"

"అలవాటైపోయింది సార్."

కొత్తవాళ్ళందరికీ ఆ పేరే ఎందుకో ఆవిడకప్పుడు వెలిగింది. ఇక ఊరుకోలేకపోయింది.

"ఆయన కాదు సార్, నేను."

మేనేజరు పకపకా నవ్వారు. "తెలుసమ్మా. నేను చేరిన కొత్తలో నా కిటికీ పేరూ మేనమామే. ఓ పూటంతా గోడౌన్ ఆపేశాను. చీవాట్లు ఈయన తిన్నారు." వెళ్ళబోతూ ఆగారు. "సోమవారం ఇంకొకాయన చేరుతున్నాడు. ఆ పేరు ఖాళీ చేసిపెట్టండి."

"అంటే సార్, నేను..."

"అంటే మీరింక పాతవాళ్ళైపోయారు."

ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. చుట్టాలాయన బుగ్గ పట్టుకునే కీబోర్డు ముందుకి లాక్కున్నారు.

"మరి నీకే వరస పెట్టనమ్మా?"

ఆవిడ వేళ్ళ మీద ఇంగ్లీషు అక్షరాలు లెక్కపెట్టుకుంది. సరిగ్గా పది.

"మేనకోడలు," అంది.