పేరు లేని చీటీ

జూలై నెల రెండో ఆదివారం, సాయంత్రం ఐదు గంటలు. స్థలం: ముంబైలో మా చాల్, అంటే వరస గదుల అద్దె మేడ, కింది అంతస్తులో మండలి గది. హాజరైనవారు: మండలి కార్యదర్శి, మూడో అంతస్తు కోడలు, నా మనవరాలు, దాని తోటి పిల్లలు ఆరుగురు, నేను. బయట వాన.

నా డైరీలో ఏ సమావేశమైనా ఇలాగే మొదలవుతుంది. ఫోర్ట్ అనే ఆఫీసుల పేటలో ఒక ఓడల కంపెనీలో వచ్చే ఉత్తరాలకూ పోయే ఉత్తరాలకూ నంబర్లు వేస్తూ ఉద్యోగమంతా గడిపినవాణ్ణి, తేదీ, స్థలం, మనుషులు రాసుకోకపోతే అసలు ఆ సంగతి జరిగినట్టే అనిపించదు నాకు. అయితే ఆ ఆదివారం పేజీలో నేను రాయని మాట ఒకటి ఉంది. దాన్ని ఇప్పటికైనా చెప్పుకుందామని కూర్చున్నాను, నా ఈడువాళ్ళు ఎవరైనా చదివితే నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు.

సమావేశం ఎందుకంటే, మా కామాటిపుర సందుల్లోని తెలుగు పిల్లలు ఫోన్‌లో ఒక గుంపు పెట్టుకున్నారు. కాలేజీ ఫారాలు, ఉద్యోగాల కబుర్లు, ఒకరినొకరు ఏడిపించుకోవడాలు అన్నీ అందులోనే, సగం మరాఠీలో, సగం హిందీలో, తెలుగు వస్తే అది తిట్టో తిండి పేరో అయివుంటుంది. అందులో పేరు చెప్పకుండా రాసే వీలు కూడా ఉందట. ఆ వీలు వాడుకుని ఎవరో మూడో అంతస్తు కోడలి కూతురి మీద నోటితో పలకలేని మాట రాశారు. వారం రోజులుగా ఆ పిల్ల క్లాసుకు పోవడం లేదు, గదుల ముందుండే గ్యాలరీలోకి కూడా రావడం లేదు.

"పేరు చెప్పనీకి దమ్ము లేనోడు నా బిడ్డ మీద రాస్తడా? బంద్ చెయ్యిన్రి, ఏక్‌దం బంద్," అని ఆ తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

పిల్లల్లో ఒకడు ఆ తల్లితో, "కాకీ, అందరు పేరు పెట్టాలంటే గ్రూపుల ఎవ్వరు మిగలరు, గుడ్ మార్నింగ్ పువ్వులు పంపే అంకుల్ ఒక్కడే మిగుల్తడు," అన్నాడు.

"చుప్ కూసో. గా పువ్వులు నేనే పంపుత," అన్నాడు కార్యదర్శి. అంత బరువైన వేళలోనూ అందరూ నవ్వారు, ఆ తల్లి తప్ప.

అప్పుడు నా మనవరాలు లేచింది. గుంపును చూసుకునేది అదే. "రోజు పొద్దుగాల ఏడింటికి ముంగట ఒకరు రాస్తరు, ఇయ్యాల గూడ లేవబుద్ధి అయితలేదని. ఎవరో మాకు తెల్వదు, పేరుండదు. మేమే జవాబిస్తం, లే, మొకం కడుక్కో, చాయ్ తాగు అంటం. కొంచెం సేపటికి లేచిన అని వస్తది. పేరు పెట్టాలంటే ఆల్లు ఇంగ రాయరు. ఇంగ లేస్తరో లేదో మాకెట్ల తెలుస్తది?"

కార్యదర్శి నా వైపు తిరిగాడు. "కాకా, మన చాల్ల మొదలు చీటీల డబ్బా పెట్టింది నువ్వేనట కదా. నువ్వే చెప్పు, ఎట్ల చేద్దాం?"

ఆ డబ్బా మాట వినగానే నా చూపు గోడ మీద అది ఒకప్పుడు వేలాడిన చోటికి పోయింది.

ఆ డబ్బా పెట్టినప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. మా తాతల కాలంలో పాలమూరు జిల్లా నుంచి ఇళ్ళు కట్టే పనికి వచ్చినవాళ్ళ పిల్లలం మేం, ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇదే గదిలో చాపలు పరుచుకుని కూర్చునేవాళ్ళం. ముందు వరసలో మేస్త్రీలు, వెనక కుర్రవాళ్ళు, తలుపు బయట గ్యాలరీలో ఆడవాళ్ళు. బిస్కట్ల రేకు డబ్బా మూతకు చిన్న కోత కోసి గోడకు తగిలించాము. నల్లా దగ్గర తగవు, మెట్ల మీద దీపం, ఎవరికైనా కావలసిన సాయం, ఏదైనా సరే చీటీ రాసి అందులో వేయవచ్చు, పేరు అక్కర్లేదు. పెద్దల ముందు నోరు విప్పలేని కోడళ్ళూ పిల్లలూ కూడా చెప్పుకోగలగాలనే ఆ ఏర్పాటు. చేతిరాత బట్టి మనిషిని పోల్చుకోకుండా ఉండాలని, శనివారం సాయంత్రం నేనొక్కణ్ణే డబ్బా తెరిచి, చీటీలన్నీ నా రాతలో ఒకే కాగితం మీదకు ఎక్కించి, అసలు చీటీలు చింపేసేవాణ్ణి. ఆదివారం ఆ కాగితం చదివేవాణ్ణి. నిజానికి చాల్‌లో తెలుగు రాయగలిగిన పిల్లలు సగం మంది నా దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళే, ఏ చీటీ ఎవరిదో నాకు తెలిసిపోయేది. అది ఎవరికీ చెప్పకపోవడమే నా గొప్ప అనుకునేవాణ్ణి. ఒక్క చీటీనీ వదలకుండా చదువుతాననేది ఇంకొక గొప్ప.

నాకొక చెల్లెలు ఉండేది, మెట్రిక్‌కు వచ్చింది. మా చాల్‌లో అంతదాకా చదివిన ఆడపిల్ల అదే మొదలు. ఒళ్ళమ్ముకునే ఇళ్ళున్న ఫోరస్ రోడ్ పక్క నుంచి ఆడపిల్ల ఒంటరిగా నడిచి వెళ్ళాలంటే మా తండ్రులకు ఎంత దిగులో ఇక్కడ పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. బయట ఎవరైనా అడిగితే మేమంతా కామాటిపుర పేరెత్తకుండా గ్రాంట్ రోడ్‌లో ఉంటామనే చెప్పేవాళ్ళం. అటువంటి చోట నుంచి అది రోజూ పుస్తకాలు గుండెకు హత్తుకుని బస్ స్టాపు దాకా తల వంచుకుని నడిచేది. బస్సెక్కాక మాత్రం తల ఎత్తేదని దాని స్నేహితురాలు ఒకసారి చెప్పి నవ్వింది.

ఒక శనివారం డబ్బాలో ఒక చీటీ వచ్చింది, కావాలని వంకర అక్షరాలతో రాసినది. రెండు జడల పిల్ల ఒకతె బస్ స్టాపులో మగపిల్లలతో ఇకిలిస్తూ నిలబడుతోంది, ఆ తండ్రికి కళ్ళు లేవా అని. పేరు లేకపోయినా ఎవరి గురించో తెలియనిదేమీ కాదు. దాన్ని వదిలేయవచ్చు నేను. కాని మా ఇంటి సంగతి కాబట్టి దాచాడంటారేమోనని, నా నిష్పక్షపాతం మీద మచ్చ పడుతుందేమోనని, మిగతావాటితో పాటు నా ముత్యాల్లాంటి రాతలో ఎక్కించి, మర్నాడు అందరి ముందూ గొంతు తొణకకుండా చదివాను. మా నాన్న ముందు వరసలో ఉన్నాడు. ఆ సాయంత్రం ఇంట్లో ఆయన కేక వేయలేదు, కొట్టలేదు. "రేపటి సంది బడి లేదు," అన్నాడు, అంతే.

మర్నాడు మండలి పెద్దలు చేరి, ఇకమీదట పేరు లేని చీటీ చదవకూడదని తీర్మానించారు. ఆ తీర్మానం రాసినదీ నేనే. అందరికీ న్యాయంగానే తోచింది.

ఆ తరువాతి శనివారం డబ్బాలో ఏడు చీటీలు. ఆరింటికి పేర్లున్నాయి. ఏడో దానికి లేదు. "నాకు పరీక్ష రాయాలని ఉన్నది. పెద్ద మేస్త్రీ గారు ఒక మాట చెబితే మా ఇంట్లో వింటారు. దయచేసి ఎవరైనా చెప్పండి." పలక మీద నేను చేయి పట్టుకుని దిద్దించిన అక్షరాలు, పోల్చుకోవడానికి క్షణం పట్టలేదు.

పెద్ద మేస్త్రీ మాట మా నాన్న ఏనాడూ జవదాటలేదు. ఆయన ఆదివారం వచ్చి మా నాన్న పక్కనే కూర్చున్నాడు కూడా. నేను ఆ మూడు వాక్యాలు చదివితే చాలు. ఆ సంగతి లెక్క వేసుకునే చెల్లెలు ఆ చీటీ వేసింది, అన్నయ్య చేతిలో పడుతుందని తెలిసే వేసింది. నేను ఆరు చీటీలూ చదివి, చింపకుండా ఉంచిన ఏడోదాన్ని మడత విప్పకుండానే పైకెత్తి చూపించి, దీనికి పేరు లేదు, నియమం ప్రకారం చదవడం లేదు అని ప్రకటించాను. తలుపు బయట ఆడవాళ్ళ మధ్య చెల్లెలు నిలబడి ఉండడం చూశాను. ఆ రోజు డైరీలో ఇలా ఉంది: చీటీలు ఏడు, పేరు లేనిది ఒకటి, చదవలేదు.

ఇంట్లోనైనా నాన్నతో ఒక మాట అనవచ్చు కదా అని మీరు అడుగుతారు. అనలేదు. రెండు నెలలకు దాన్ని ఊరికి పంపించారు, ఆ ఏడే పెళ్ళి అయింది. ఎండలో నాట్లు వేసి, కలుపు తీసి, నలుగురు పిల్లల్ని పెంచింది. నన్ను ఎన్నడూ పల్లెత్తు మాట అనలేదు. చాలా ఏళ్ళ తరువాత ఒకసారి ఆస్పత్రి పని మీద ముంబై వచ్చినప్పుడు, మండలి గది ముందు ఆగి, "ఆ డబ్బ ఇంకా ఉన్నదా అన్నా?" అని అడిగింది. తుప్పు పట్టిపోతే పారేశామమ్మా అన్నాను. "మంచిదాయె," అంది. పోయిన ఏడు కాలం చేసింది.

ఇదంతా ఆ ఆదివారం చెప్పి ఉండవలసింది. పేరు లేని మాట నా చెల్లెల్ని కొట్టింది, పేరు కావాలన్న నియమం దాని నోరు మూసింది, రెండూ నా చేతి మీదుగానే జరిగాయి, కాబట్టి ఇంకొకరి గురించి రాసేవాళ్ళకు పేరు ఉండాలి గాని, తన బాధ తాను చెప్పుకునేవాళ్ళను పేరు అడగకండి, ఎవరో ఒకరు ముందుగా చదివి చెడ్డది ఆపండి, అని. వాక్యాలన్నీ నాలుక చివరి దాకా వచ్చాయి. కాని ఆ తల్లి ఏడుస్తోంది, కార్యదర్శి రిజిస్టరు తెరిచి కలం పట్టుకున్నాడు, ఇంటి గుట్టు నలుగురి ముందూ విప్పడానికి ఈ వయసులోనూ నాకు సిగ్గు అడ్డం వచ్చింది. రెండు వైపులా మంచీ చెడూ ఉన్నాయి, మీకు తోచినట్టు చేయండి, అన్నాను.

పేరు లేనిదే ఎవరూ రాయరాదని తీర్మానం. ఆ క్షణం నుంచే అమలు. మనవరాలు నా వైపు ఒకసారి చూసి, తల వంచుకుని ఫోన్‌లో ఆ వీలు తీసేసింది.

మర్నాడు సోమవారం పొద్దున లేచేసరికి మనవరాలు ఫోన్ పట్టుకుని గ్యాలరీలో కటకటాలకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడు దాటింది. ఏడున్నర అయింది. "రాలే తాతా," అంది. ఎనిమిదింటికీ ఏమీ రాలేదు. అప్పుడు దాన్ని కూర్చోబెట్టి చెల్లెలి సంగతంతా చెప్పాను. చివర, "నిన్న ఎందుకు చెప్పలే?" అని మాత్రం అడిగింది. జవాబు కోసం ఆగలేదు. ఆ వీలు మళ్ళీ తెరిచింది, తీర్మానం తీర్మానమే అని నేను అనలేదు. "ఉన్నవా? లేచినవా?" అని రాసి, జవాబు రాకపోయేసరికి చెప్పులు వేసుకుని మెట్ల దాకా వెళ్ళి, అక్కడే ఆగిపోయింది.

మా కాలంలో చీటీ చూస్తే చేయి తెలిసేది, చేయి తెలిస్తే గది తెలిసేది. నాలుగు అడుగులు వేస్తే ఆ మనిషి ముందు నిలబడవచ్చు. నేను ఆ నాలుగు అడుగులూ వేయలేదు. ఇప్పటి అక్షరాలన్నీ ఒక్క తీరుగా ఉంటాయి, ఎవరి చేయీ కనపడదు. వెళ్ళాలని ప్రాణం కొట్టుకుంటున్న పిల్ల మెట్ల మీద నిలబడి, ఎదురుగా ఉన్న అన్ని తలుపుల వైపూ చూస్తోంది, ఏది తట్టాలో తెలియక.