తల్లి పోసిందన్నారు

పొద్దున ఒళ్లు తుడిచి తొడిగిన చెడ్డీ మధ్యాహ్నం తీసి చూస్తే పొడిగా ఉంది. రోజూ వాడి తడిబట్టలు ఉతకలేక విసుక్కునేదాన్ని. ఆ రోజు దండెం ఖాళీ. జ్వరం వచ్చినప్పుడు గాని, ఒంటి మీద పొక్కులు లేచినప్పుడు గాని రాని భయం ఆ పొడి గుడ్డ పట్టుకున్నప్పుడు వచ్చింది. పిల్లవాడు ఉచ్చ పోయలేదు.

అప్పుడు మేము ఆత్మకూరులో మా అత్తగారితో ఉండేవాళ్లం. మా ఆయనకు గద్వాలలో ఉద్యోగం, శనివారం సాయంత్రం వచ్చేవాడు. ఒకటో తరగతి చదివే కూతురు, ఇంకా రెండేళ్లు నిండని కొడుకు. ముందు కొడుక్కి జ్వరం వచ్చింది. మర్నాటికి అరచేతుల్లో, అరికాళ్లలో చిన్న చిన్న నీటి పొక్కులు. అత్త చూడగానే చెంపలు వేసుకుని, తల్లి పోసిందంది. మా దగ్గర ఒంటి మీద పొక్కులు లేస్తే పోచమ్మ తల్లి ఇంటికి వచ్చినట్టు. దాన్ని రోగమనకూడదు, మందు వేయకూడదు, కూరలో తాలింపు పెట్టకూడదు. అత్త గుమ్మానికి వేపరెమ్మలు కట్టి, వాడి మొలతాడుకు కూడా ఒక రెమ్మ చుట్టింది.

అమ్మవారైతే ఒళ్లంతా పోయాలి కదా, వీడికి వీపు మీద, పొట్ట మీద ఒక్కటీ లేదేమని అడిగాను. తల్లి తనకు ఇష్టమున్న చోట పోస్తుందట. నేను డిగ్రీలో జీవశాస్త్రం చదివాను. ఆ చదువు ఆ ఇంట్లో ఎప్పుడూ చెల్లలేదు. పైగా ఇది అమ్మవారు కాకపోతే మరేమిటో నాకూ తెలియదు.

పాలు ఇస్తే ఒక్క గుక్క తాగి, ఏడ్చి, గ్లాసు తోసేస్తున్నాడు. గడ్డం మీదుగా చొంగ కారుతూనే ఉంది. పొడి చెడ్డీ చేతిలో పట్టుకునే వంటింట్లోకి పోయి, వనపర్తి దవాఖానకు తీసుకుపోతానన్నాను.

"తల్లి ఒంటి మీదుండంగ ఊరు దాటిస్తవా? ఏమన్న అయితె జవాబెవరు చెప్తరు?" అంది అత్త.

"తాగక ఏమన్న అయితె ఎవరు చెప్తరు అత్తమ్మా?"

మా ఆయనకు ఫోను చేశాను. "అమ్మ పెద్దమనిషి, జర ఆమె మాట ఇను. శనివారం నేనొస్త గద, చూద్దాం" అన్నాడు. ఆ రోజు బుధవారం. ఫోను పెట్టేసి, కూతుర్ని అత్త దగ్గర వదిలి, వాణ్ని భుజాన వేసుకుని బస్సెక్కాను.

డాక్టరు టార్చి వేసి వాడి నోట్లోకి చూశాడు. నన్నూ చూడమన్నాడు. నాలుక మీద, అంగిట్లో తెల్లటి పుండ్లు. ఇది అమ్మవారు కాదు, చేతులకు, కాళ్లకు, నోటికి వచ్చే వేరే వైరస్ అన్నాడు. పసిపిల్లల మధ్య ఇట్టే పాకుతుందట. చొంగలో, పొక్కుల నీళ్లలో, దొడ్డికి పోయినదానిలో ఉంటుందట. సబ్బుతో చేతులు కడుక్కోవాలి, గ్లాసు, పళ్లెం వేరుగా పెట్టాలి. మరి మందు? దాన్ని చంపే మందు లేదు, వారం పది రోజుల్లో దానంతట అదే పోతుందని జ్వరానికి మాత్రం సీసా రాశాడు. నొప్పికి తాగకపోవడమే ప్రమాదమట. చల్లనివి కొంచెం కొంచెంగా పట్టాలి. పొద్దుగూకే దాకా ఉచ్చ పోయకపోయినా, మగతగా పడి ఉన్నా గ్లూకోజు ఎక్కించాలి, ఆలస్యం చేయకుండా తీసుకురమ్మన్నాడు. మందు లేదని చెప్పించుకోవడానికా ఇంత దూరం వచ్చానని ఆయన మీద కూడా కోపం వచ్చింది.

తిరుగు బస్సులో పక్క సీటామె వేపరెమ్మ చూసి, వాడి కాళ్లు తాకి కళ్లకు అద్దుకోబోయింది. ఆమె ఒళ్లో చంటిపిల్ల ఉంది. నేను గబుక్కున వాడి కాళ్లు చీర కొంగులో చుట్టేశాను. ఇది అంటుకునే రోగమని చెప్పాను. "తల్లిని రోగమంటవా, సదువుకున్నదానిలెక్కున్నవు" అని ఆమె మొహం తిప్పుకుంది. చదువుకున్నందుకే అన్నానని చెప్పే ఓపిక లేకపోయింది.

ఇంటికి వచ్చేసరికి, కొడుకు పొద్దున రెండు మెతుకులు తిని వదిలేసిన పెరుగన్నం నా కూతురు తింటోంది. ఇద్దరికీ ఒక్కసారే వచ్చి పోతే మంచిదని అత్తే పెట్టిందట. పళ్లెం లాక్కున్నాను. పిల్ల బిత్తరపోయి నన్ను చూసింది, అత్త చూడలేదు.

"ఏం మందిచ్చిండు మీ డాక్టరు?"

"దీనికి మందు లేదన్నడు."

"నేను చెప్పలేదా?" అంది.

డాక్టరుదీ అత్తదీ ఒకే మాట, అర్థాలు వేరు. ఎట్లా విడమరిచి చెప్పాలో తెలియక కుండలో నీళ్లతో మజ్జిగ పల్చగా చేసుకుని, వాణ్ని ఒళ్లో వేసుకుని కూర్చున్నాను. చెంచా నోటికి ఆనగానే కెవ్వుమన్నాడు. సగం మింగాడు, సగం నా మీద ఉమ్మాడు. ఆగాను, మళ్లీ పట్టాను. నన్ను రక్కాడు. కాసేపటికి అత్త వచ్చి వాడి చేతులు పట్టుకుంది. మజ్జిగకు ఆమెకు అభ్యంతరం లేదు, అది చలవ చేస్తుంది. దీపం పెట్టే వేళకు నా ఒడి వెచ్చగా తడిసింది. లేవకుండా ఆ తడిలోనే కూర్చుని ఏడ్చాను. తల్లి చల్లబడిందని అత్త గుమ్మం వైపు తిరిగి దండం పెట్టింది. మజ్జిగ పట్టింది నేను కదా అనిపించింది. ఇది రాస్తుంటే ఈ రాత్రి కూడా అనిపిస్తోంది.

మర్నాడు పొద్దున ఇద్దరినీ అరుగు మీద కూర్చోబెట్టి చెరో గ్లాసులో మజ్జిగ ఇచ్చాను. తల్లి పోయిందా అమ్మా అని అడిగింది కూతురు.

"తల్లి సంగతి నానమ్మనడుగు, నాకు తెల్వదు" అన్నాను. "తమ్ముని నోట్లె పుండ్లున్నయి, మింగితె నొస్తది. రేపో ఎల్లుండో నీకు గూడ రావొచ్చు. వస్తె నాకు చెప్పు, దాచకు. నొస్తదని నీళ్లు మాత్రం మానొద్దు. ఏడ్సుకుంటనన్న తాగాలె, ఇద్దరు."