బంద్ పాటించని పొగ

దిల్‌సుఖ్‌నగర్ గాలిలో పొగ కలుపుతున్నది ఎవరో కనిపెట్టబోయి, దోషిని సాక్ష్యంతో సహా పట్టుకున్నాను. ఆ దోషి ఎవరో చివర చెప్తాను. అంతవరకైనా నన్ను గౌరవంగా చూడండి.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ముమ్మరంగా సాగుతున్న రోజులు. బంద్ లేని వారం అరుదు. కెమిస్ట్రీ లెక్చరర్‌గా రిటైరై, కొత్తపేటలో సొంతింట్లో ఒక్కణ్ణే ఉంటున్నాను. నా పాత విద్యార్థిని స్వాతి ఒకనాడు వచ్చింది.

"మాస్టారూ, నగరంలో కాలుష్యం ఎక్కడెక్కడి నుంచి వస్తోందో తేల్చే ప్రాజెక్టు మాది. మీ డాబా మీద ఒక మెషిన్ పెట్టుకోనిస్తారా? రికార్డు రాయడంలో మీరైతే పొరపాటు చెయ్యరు."

ఆ చివరి మాటకు పడిపోయాను.

ఆ మెషిన్ రోజంతా గాలిని పీల్చి, అందులోని ధూళిని ఒక తెల్లని వడపోత కాగితం మీద నిలుపుతుంది. ఉదయం ఆరింటికి కాగితం మార్చాలి. చుట్టుపక్కల పొగ పుట్టే చోట్లన్నీ రిజిస్టరులో నమోదు చెయ్యాలి. స్కేలుతో గీతలు గీసి మరీ రాశాను: బస్సులు, ఆటోలు, చెత్త మంట, వీధి మలుపులో యాదమ్మ మిర్చి బండి.

పది రోజులకు స్వాతి ఫోన్ చేసింది. "మాస్టారూ, మీ కాగితాల మీద వాహనాల పొగకంటే బొగ్గుల పొగే ఎక్కువగా ఉంది. మీకు బాగా దగ్గరలో ఎవరో రోజూ ఏదో కాలుస్తున్నారు. ఎవరో చూడండి, పై ఆఫీసుకు రాయాలి."

చూడడానికేముంది? యాదమ్మది బొగ్గుల పొయ్యి. 'తొలగించదగిన కారణం' అన్న గడిలో ఆమె బండిని గుండ్రటి అక్షరాలతో రాశాను. చెప్పకుండా పంపడం మర్యాద కాదనిపించి, వెళ్ళి ఆ పేజీని ఆమెకే చదివి వినిపించాను!

యాదమ్మ గరిటె పక్కన పెట్టింది. "నా బజ్జీలు తిన్న నోటితోనే చదువుతున్నరా సారూ? బండి లేపేస్తే నేనెట్ల బతకాలె?"

"ఇది వ్యక్తిగతం కాదమ్మా. శాస్త్రం."

"అట్లనా? ఎల్లుండి బంద్. నా పొయ్యి అంటియ్య. గా దినం కాగితం తెల్లగొస్తే నా బండి నేనే తీస్త. నల్లగొస్తే?"

"ఈ పేజీ నేనే కొట్టివేస్తాను."

బంద్ సంపూర్ణంగా జరిగింది. ఎల్‌బీ నగర్ వైపు నుంచి ఒక్క బస్సు రాలేదు. షట్టర్లన్నీ దించేశారు. చౌరస్తాలో నినాదాలు తప్ప మరో చప్పుడు లేదు. ఇంత స్వచ్ఛమైన ప్రయోగం ఏ ల్యాబులోనూ సాధ్యం కాదని మురిసిపోయాను.

మర్నాడు తొమ్మిదింటికి స్వాతి వచ్చింది. ఆమె వెనకే యాదమ్మ, మెట్లెక్కి ఆయాసపడుతూ. ఉదయం చూడకుండానే తీసి దాచిన బంద్ నాటి కాగితాన్ని పట్టకారుతో పైకెత్తి చూపించాను.

నలుపు! మిగతా రోజుల కాగితాలకు ఏమాత్రం తీసిపోని నలుపు.

"నేను పొద్దుందాక ఇంట్లనే ఉన్న," అంది యాదమ్మ. "మరి గీ నలుపు ఎక్కడికెల్లి ఒచ్చింది?" మెషిన్ దగ్గరకు వంగి గట్టిగా వాసన చూసింది. "సారూ, గీ మిషిన్ల సాంబ్రాణి వాసనొస్తుందేంది?"

స్వాతి తల తిప్పింది. నేనూ తిప్పాను. మెషిన్‌కు రెండడుగుల దూరంలో తులసి కుండీ. దాని పక్కన మట్టి మూకుడు. అందులో ఇంకా చల్లారని బొగ్గులు.

"మాస్టారూ, ఇది రిజిస్టరులో రాశారా?"

రాయలేదు. ఆ ధూపం నా భార్య శారద రోజూ వేసేది. ఆమె పోయి పదకొండు నెలలు. ఆ తర్వాత ఒక్క ఉదయం కూడా నేను మానలేదు.

"అది పొగ అని నాకెప్పుడూ తోచలేదమ్మా," అన్నాను.

అప్పుడు రిజిస్టరు తెరిచి, యాదమ్మ బండిని కొట్టివేసి, ఆ గడిలోనే స్పష్టంగా రాశాను: 'ఇంటి యజమాని.' పైన అచ్చులో 'తొలగించదగిన కారణం' అని ఉండనే ఉంది.

స్వాతి చదివి నవ్వాపుకోలేక యాదమ్మకు చెప్పింది.

"సారును తీసి ఏడ పెడ్తవు బిడ్డా?" అంది యాదమ్మ, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుంటూ. "అమ్మ పెట్టిన ధూపమాయె, ఉండనియ్యుండ్రి. గా మిషిన్నే జర అటు జరపుదాం, పట్టుండ్రి!"

పట్టాను. ఊరంతా పాటించిన బంద్‌ను నేనొక్కణ్ణే భగ్నం చేశానని ఇంతవరకు ఆ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. మీరూ బయట చెప్పకండి.