ఆఫీసరుగారికి కుళాయి నీళ్ళు

తాడేపల్లిగూడెంలో మా ఇంటి బీరువాలో, చీరల కింద, నాన్నగారి ఫైలు ఒకటి ఉంది. ఆకుపచ్చ అట్ట, తెల్ల నాడా. అందులోవన్నీ మా ఊరి మంచినీళ్ళ గురించిన కాగితాలే. బీరువా సర్దుదామని కూర్చున్నప్పుడల్లా అది చేతికి తగులుతుంది, సర్దడం అక్కడితో ఆగిపోతుంది. మంచం మీద కూర్చుని మొదటి నుంచీ చదువుకుంటాను. మా ఆయన గుమ్మంలోంచి చూసి వెళ్ళి, టీ ఆయనే పెట్టుకుంటారు.

మా ఊరికి వెళ్ళాలంటే గుండుగొలనులో హైవే దిగి కొల్లేరు వైపు లోపలికి వెళ్ళాలి. ఊరి చివర, చేపల చెరువుల గట్లకి ఆనుకుని మా పేట. నాన్నగారు మిషన్ స్కూల్లో చదువుకుని, ఆ చుట్టుపక్కల బళ్ళలోనే పాఠాలు చెప్పి రిటైరయ్యారు. కాలవ నీళ్ళు ముందు ఊరి మంచినీళ్ళ చెరువులోకి వస్తాయి. తర్వాత ఫిల్టర్ బెడ్ల ఇసుకలోంచి దిగి, ట్యాంకు ఎక్కి, కుళాయిల్లోకి వస్తాయి. నా చిన్నప్పుడు బడి నుంచి వస్తూ కుళాయి కింద దోసిలి పట్టి తాగేసేవాళ్ళం. గౌను ముందంతా తడిసేది, అమ్మ కోప్పడేది. ఆ నీళ్ళ రుచి నాకింకా గుర్తుంది, మళ్ళీ ఎక్కడా తగల్లేదు.

తర్వాత్తర్వాత చేపల చెరువుల నీరు కాలవలోకి వదలడం ఎక్కువైంది, ఫిల్టర్ బెడ్లలో ఇసుక మార్చడం తక్కువైంది. నీళ్ళు పచ్చబడి నీచు వాసన కొట్టేవి. మాలాగా కొనుక్కోగలిగినవాళ్ళు గుండుగొలను నుంచి మంచినీళ్ళ టిన్నులు తెచ్చుకునేవారు. పక్కింటి వదిన చెరువుల మీద కూలికి వెళ్ళేది. టిన్నులు కొనడం ఆవిడ వల్ల అయ్యేది కాదు, కుళాయి నీళ్ళనే గుడ్డలో వడకట్టి కాచి పిల్లలకిచ్చేది. ఇద్దరు పిల్లలకీ విరేచనాలు తగ్గడం, వారం తిరక్కుండా మళ్ళీ పట్టుకోవడం. అమ్మ మా టిన్నులోంచి ఒక బిందె ఇచ్చినా వదిన రోజూ పుచ్చుకునేది కాదు, మొహమాటపడేది.

ఇసుక ఎందుకు మార్చరని నాన్నగారు పంచాయతీ ఆఫీసులో అడిగితే, మార్చేశాం మాస్టారూ అన్నారు. కాగితాల ప్రకారం ఇసుక వచ్చింది, పరిచారు, బిల్లు కూడా అయిపోయింది. ఫిల్టర్ బెడ్లకి దారి ఒక్కటే, అది మా ఇంటి ముందు నుంచే వెళ్తుంది. ఇసుక ట్రాక్టరు అటు వెళ్తే అరుగు మీద కూర్చున్న నాన్నగారి కాఫీలో దుమ్ము పడాలి.

"నా కాఫీలో దుమ్ము పడలేదమ్మా," అన్నారు నాకు ఫోన్ చేసి. ఆ మాటతో మొదలైంది.

నాన్నగారికి తెలిసిన పోరాటం అర్జీ. "మహారాజశ్రీ ఆఫీసరుగారి దివ్యసముఖమునకు" అని మొదలుపెట్టి, అసలు విషయానికి వచ్చేసరికి కాగితం సగం అయిపోయేది. అక్షరాలు మాత్రం ముత్యాలు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాలంటే అవన్నీ అక్కర్లేదని, ఏ కాగితం కావాలో అడిగితే చాలని నేను చెబితే ఆయన నమ్మలేదు.

"పలకరింపు లేకుండా ఎలా అడుగుతామమ్మా? దెబ్బలాటకి వెళ్ళినట్టుండదూ?"

"దెబ్బలాటకేగా నాన్నగారూ వెళ్తున్నది."

"అయినా మర్యాద ఉండాలి కదా," అని ఆయన అలిగి కూర్చున్నారు. చివరికి దరఖాస్తు నేను రాశాను. ఆయన సంతకం పెట్టి, కింద వినయంగా "ఇట్లు తమ విధేయుడు" అని చేర్చేశారు. నేను చూడనప్పుడు చేర్చారు, ఫైల్లో జిరాక్సు చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది.

దానికి ఇసుక బిల్లుల కాపీలొచ్చాయి. అవి పట్టుకుని ఏలూరు వెళ్ళాం, సోమవారాలు అక్కడి కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునేవారు. నేను గూడెంలో పాసింజరు ఎక్కేదాన్ని, నాన్నగారు భీమడోలులో ఎక్కేవారు. కిటికీ పక్కన ఆయనకి చోటు ఆపి ఉంచేదాన్ని. ఇడ్లీ పొట్లం విప్పుకుని తినేవాళ్ళం, ఆయన కారప్పొడి నాకు తోసేసి పచ్చడి తీసుకునేవారు. నేను పాఠాలు చెప్పే స్కూల్లో నా సీఎల్‌లన్నీ ఆ సోమవారాలకే అయిపోయాయి. మా హెడ్‌మాస్టరుగారు, "మీ ఊరి నీళ్ళు తేరేసరికి మీ సెలవులు ఎండిపోతాయండీ," అని ఆటపట్టించేవారు. ఆఫీసులో గంటలకొద్దీ నిలబడేవాళ్ళం. ఓసారి నీళ్ళు సీసాలో పట్టి తీసుకెళ్తే, మీరు తెచ్చిన సీసా లెక్కలోకి రాదు, మా ఆఫీసరు వచ్చి స్వయంగా చూడాలి అన్నారు. నాకు ఒళ్ళు మండింది. నాన్నగారు మాత్రం, "అంతేనండీ, నిజమేనండీ," అంటూ సీసా సంచిలో పెట్టేసుకున్నారు. ఇప్పుడు ఆలోచిస్తే నా జీవితంలో ఆయనతో అంతసేపు కబుర్లు చెప్పుకున్నది ఆ రైల్లోనే. పెళ్ళయ్యాక తండ్రితో ఏ కూతురికి అన్ని సోమవారాలు దొరుకుతాయి?

కొన్ని నెలలు తిరిగాక విచారణకి ఒక ఆఫీసరు వచ్చారు. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, నేను ఊళ్ళో లేను. ఫిల్టర్ బెడ్ల గేటుకి తాళం వేసి ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియదన్నారు. ఫిర్యాదు చేసినాయన వాంగ్మూలం రాసుకుందామని మా అరుగు మీద కూర్చున్నారు. చెమటలు తుడుచుకుంటూ, "అమ్మా, కాసిని మంచినీళ్ళిస్తారా?" అన్నారు.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. ఆవిడ చిన్నప్పుడు పేటకి ఆఫీసర్లు వస్తే నిలబడే మాట్లాడి వెళ్ళిపోయేవారట. మంచినీళ్ళు తీసుకోండి బాబూ అంటే, దాహం లేదనేవారట. ఎర్రటి ఎండలో పడి వచ్చి కూడా దాహం లేదనేవారు. అలాంటిది ఒక ఆఫీసరు మా అరుగు మీద కూర్చుని, నోరు తెరిచి నీళ్ళడిగారు. అమ్మ పరుగులాంటి నడకతో లోపలికి వెళ్ళి, ఇత్తడి గ్లాసు చింతపండుతో తోమి, టిన్నులోంచి కుండలో పోసి చల్లబరిచిన నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన రెండు గ్లాసులు తాగారు. చల్లగా బాగున్నాయమ్మా అన్నారు. అమ్మ మొహం వెలిగిపోయింది. నాన్నగారి మొహం కూడా. ఇవి కుళాయి నీళ్ళు కావండీ అని చెప్పాలని ఇద్దరికీ తోచలేదు. తోచినా చెప్పేవారు కారేమో, వచ్చినాయన నీళ్ళు తాగుతుంటే మధ్యలో ఫిర్యాదు ఎలా చేస్తారు.

నెల తర్వాత ఆ రిపోర్టు కాపీ మా చేతికొచ్చింది. ఫిర్యాదుదారుని ఇంట తాగునీటిని స్వయంగా తాగి పరిశీలించడమైనది, నీరు స్వచ్ఛముగా ఉన్నది, ఫిర్యాదు మూసివేయవచ్చును.

నేను ఫోన్లో అమ్మ మీద అరిచాను. ఒప్పుకుంటున్నాను, అరిచాను. "ఊరంతా ఆ పచ్చనీళ్ళు తాగుతుంటే ఆయనకి కొన్న నీళ్ళు ఎందుకిచ్చావే?" అన్నాను. "అడిగినవాళ్ళకి ఆ నీళ్ళెలా ఇస్తానే?" అంది అమ్మ. ఆ ఆఫీసరు తెలిసే అలా రాశాడని నా నమ్మకం. పాపం ఆయనకేం తెలుసమ్మా అని నాన్నగారు చివరిదాకా వాదించారు.

అప్పీలుకి వెళ్ళాం. మళ్ళీ సోమవారాలు, మళ్ళీ ఇడ్లీ పొట్లాలు. ఎట్టకేలకు రెండో విచారణ వేశారు. ఈసారి కూడా బాగున్నాయని రాస్తే ఫైలు శాశ్వతంగా మూసేస్తామని గుమాస్తా ముందే చెప్పాడు. ఆ వారమే వదిన వాళ్ళ చిన్నపిల్లని భీమడోలు ఆస్పత్రిలో సెలైన్ పెట్టించి తీసుకొచ్చారు.

విచారణ రోజు నేను పొద్దున్నే ఊరు చేరుకున్నాను. అమ్మని కూర్చోబెట్టి నాన్నగారూ నేనూ కలిసి పాఠం చెప్పాం. కుళాయి నీళ్ళే ఇవ్వాలి. ఆయన అడక్కపోయినా ఇవ్వాలి. అమ్మ తల ఊపింది కానీ మాకు నమ్మకం లేదు. అందుకని టిన్నూ కుండా రెండూ తీసుకెళ్ళి వదినింట్లో దాచేశాను. సొంత తల్లికి తెలియకుండా ఇంట్లో మంచినీళ్ళు దాచిన కూతుర్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

వచ్చిన ఆఫీసరు చిన్నవాడు, నాకంటే చాలా చిన్న. చెప్పులు కింద విప్పి అరుగెక్కాడు. నాన్నగారిని మాస్టారూ అని పిలిచాడు. అమ్మ లోపలికి వెళ్ళింది. కుండ చోటు ఖాళీగా ఉండటం చూసే ఉంటుంది. కుళాయి దగ్గర పట్టిన బిందెలోంచి అదే గ్లాసుతో ముంచుకొచ్చింది. నీళ్ళు పచ్చగా కనిపిస్తున్నాయి, వాసన నా దాకా వస్తోంది.

"తీసుకోండి బాబూ," అంది అమ్మ, తల దించుకుని.

ఆ అబ్బాయి గ్లాసు అందుకున్నాడు. లోపలికి చూశాడు. అమ్మ మొహంలోకి చూశాడు. పెద్దావిడ ఇచ్చింది, వద్దంటే ఏమనుకుంటుందో అనుకున్నాడో ఏమో, గ్లాసు ఎత్తి పెదాలకి ఆనించాడు.

అమ్మ ఒక్క అంగలో వెళ్ళి గ్లాసు లాగేసుకుంది. నీళ్ళు ఆయన చొక్కా మీదా కాగితాల మీదా ఒలికిపోయాయి.

"వద్దు బాబూ, తాగకండి. పిల్లలకి జబ్బు చేస్తున్నాయి. మీకూ ఓ తల్లుంటుంది కదండీ," అంది. అని లోపలికి వెళ్ళిపోయింది. వెనకే వెళ్తే, పొయ్యి పక్కన కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. "నీళ్ళిచ్చి లాక్కున్నానే. మనింట్లో నీళ్ళిచ్చి లాక్కున్నాను," అంటూ. నేను ఆవిడ పక్కన కింద కూలబడ్డాను. అంతకుముందు ఫోన్లో అరిచిన అరుపులన్నీ నాకే తిరిగొచ్చి తగిలాయి.

బయట ఆ అబ్బాయి తడిసిన కాగితాలు పక్కన పెట్టి, ఫిల్టర్ బెడ్ల తాళంచెవి తెప్పించండి అన్నాడట. పంచాయతీవాళ్ళు లేదన్నారు. తెచ్చేదాకా గట్టు మీద కూర్చుంటానన్నాడు, కూర్చున్నాడు. సాయంత్రానికి తాళంచెవి దానంతటదే దొరికింది. లోపల ఇసుక ఉండాల్సిన చోట బురద గట్టిపడి, దాని మీద గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. ఫొటోలు తీసుకుని అట్నుంచటే జీపెక్కి వెళ్ళిపోయాడు. ఆ హడావుడిలో ఆయనకి మంచినీళ్ళు ఇవ్వాలని ఎవరికీ గుర్తు రాలేదు.

ఆయన రిపోర్టు కూడా ఫైల్లో ఉంది. ఇంటి యజమానురాలు తాము ఇచ్చిన నీటిని తామే తాగనివ్వకుండా నా చేతి నుండి తీసుకున్నారు, అని రాశారు. నాన్నగారు ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీశారు.

పెద్ద శిక్షలేమీ పడలేదు. ఎవరో ఒకరికి బదిలీ అయిందన్నారు. ఇసుక మాత్రం వచ్చింది. ట్రాక్టర్లు మా ఇంటి ముందు నుంచే వెళ్ళాయి. దుమ్ము పడిన కాఫీని నాన్నగారు పారబొయ్యలేదట, చివరి చుక్కదాకా తాగారట. నాలుగు వారాలకి నీళ్ళు తేరాయి. వదిన పిల్లలు కుళాయి కింద దోసిళ్ళు పట్టి తాగుతుంటే నేను మా ఇంటి గేటు దగ్గరే నిలబడిపోయాను.

అమ్మకి మాత్రం ఒకటే దిగులు. ఆ అబ్బాయిని పిలిపించి నీళ్ళివ్వాలి. మరిచిపోతుందిలే అనుకున్నాం, మరిచిపోలేదు. చివరికి నాన్నగారు కాగితం తీశారు. తమరు విచారించిన నీరు ఇప్పుడు స్వచ్ఛముగా ఉన్నదనీ, మా ఇంటికి దయచేసి ఒక గ్లాసు పుచ్చుకోవలసిందనీ రాశారు. "మహారాజశ్రీ" నుంచి "చిత్తగించవలెను" వరకూ ఒక్కటీ వదల్లేదు. నేనూ ఈసారి ఒక్క ముక్క కొట్టెయ్యలేదు. ఆయనకి అప్పటికే వేరే జిల్లాకి బదిలీ అయింది. కొత్త ఆఫీసు చిరునామా కనుక్కుని, అలవాటు ప్రకారం రసీదు కార్డుతో రిజిస్టరు పోస్టులో పంపారు.

ఫైల్లో చివరి కాగితం ఆ కార్డే. అది తిరిగొచ్చిన రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. అమ్మ కళ్ళజోడు లేదని నా చేతికిచ్చింది.

"వస్తానన్నారా?"

"సంతకం పెట్టారమ్మా. అందిందని."

అమ్మ కార్డు తీసుకుని ఆ సంతకాన్ని వేలితో నెమ్మదిగా నిమిరింది. "వస్తారులే," అంది. "మనింట్లో మంచినీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయారు కదా."

అమ్మ పోయేదాకా ఆ ఇత్తడి గ్లాసుతో ఇంకెవరికీ నీళ్ళివ్వలేదు.