కొత్తగూడ నుంచి కెరటాల జోస్యం

ఆ రోజుల్లో మాదాపూర్, కొండాపూర్ చుట్టుపక్కల అద్దాల మేడల్లో ఎవరు ఏం పని చేస్తున్నారో వాళ్ళ ఇంట్లోవాళ్ళకే సరిగ్గా తెలిసేది కాదు. "సాఫ్ట్‌వేర్" అంటే చాలు, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కూడా రెండో ప్రశ్న అడిగేవారు కాదు. మెడలో ఒక తాడు, ఆ తాడుకు ఫొటో ఉన్న కార్డు వేలాడుతుంటే మనిషి జీవితంలో కుదురుకున్నట్టే లెక్క. నేనూ అలాగే కుదురుకున్నాను. కాకపోతే నాది సాఫ్ట్‌వేర్ కాదు. ఎక్కడో ఇండోనేషియా అవతల ఒక చిన్న దీవి దగ్గర రేపు అలలు ఎలా లేస్తాయో కొత్తగూడలో కూర్చుని ఇవాళే రాసిపెట్టడం నా ఉద్యోగం. (నవ్వకండి. నెలనెలా జీతం ఇచ్చేవారు.)

ఆ దీవిలో ఒక రిసార్టు ఉండేది. చెక్క పలక మీద నిలబడి అలల మీద జారే ఆటగాళ్ళు దేశదేశాల నుంచి అక్కడికి వచ్చేవారు. ఒడ్డుకు కొంచెం దూరంలో నీళ్ళ కింద పగడపు దిబ్బ ఉంది. నడిసముద్రంలో ఎక్కడో తుఫాను పుడితే, అక్కడ బయలుదేరిన అలలు రోజుల తరబడి ప్రయాణం చేసి వచ్చి ఈ దిబ్బకు తగిలి ఒక్కసారిగా పైకి లేస్తాయి. అలా దూరం నుంచి వచ్చే అలల్ని మా పనిలో స్వెల్ అనేవారు. దాని ఎత్తెంత, ఏ దిక్కు నుంచి వస్తోంది, అలకీ అలకీ మధ్య వ్యవధి ఎంత, గాలి ఎటు, ఆటు ఎప్పుడు, పోటు ఎప్పుడు, ఇవన్నీ కంప్యూటరు అంకెల్లో ఇచ్చేది. ఆ అంకెల్ని చక్కటి ఇంగ్లీషు వాక్యాలుగా మార్చి వెబ్‌సైటులో పెట్టాలి. ఇంత గొప్ప బాధ్యత మోస్తున్న నేను అప్పటికి సముద్రం చూడలేదు. పుట్టింది, పెరిగింది బాచుపల్లిలో. నేను చూసిన అతి పెద్ద నీళ్ళు మా చెరువువే. అది కూడా ఏడాదికి ఒక అపార్టుమెంటు చొప్పున తగ్గిపోతూ వచ్చింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా నాయనమ్మ నన్ను కూర్చోబెట్టి అడిగింది.

"ఏం పని బిడ్డా నీది?"

"సముద్రంల రేపు అలలెట్ల వస్తయో చెప్తా నాయనమ్మా."

"ఎవరికి?"

"అండ్ల ఆడుకునేటోళ్ళకు."

ఆమె కాసేపు ఆలోచించింది. "ఒడ్డుకాడికి వోయి సూస్కోరాదు వాళ్ళు? కండ్లు లేవా?" అంది. ఈ ప్రశ్నకు మా కంపెనీ దగ్గర కూడా జవాబు ఉండేది కాదని తర్వాత అర్థమైంది.

ఆఫీసులో మేం కూర్చునే బల్లల వరసకు పెద్ద ఒకాయన ఉండేవారు. యాభై దాటిన మనిషి, బందరు వైపు వారు. అక్కడ ఒక ప్రైవేటు కాలేజీలో భూగోళం పాఠాలు చెప్పేవారట. కాలేజీ మూతపడితే హైదరాబాదు వచ్చి లింగంపల్లిలో ఒక గది కిరాయికి తీసుకుని, తన పిల్లల వయసున్న మాతోపాటు మెడలో తాడు వేసుకున్నారు. మే నెల ఎండలో కూడా చేతిలో గొడుగు ఉండేది. ముఖం ఎప్పుడూ ముసురు పట్టినట్టు ఉండేది. ఆయన వెనకాల మేమంతా ఆయన్ని "అల్పపీడనం" అనేవాళ్ళం. (ఎదురుగా "సార్" అనేవాళ్ళం. అంత భయం, అంత అభిమానం రెండూ ఉండేవి.)

ఆయన రాసే జోస్యాలు నిమజ్జనం రోజు మైకులో పోలీసుల ప్రకటనల్లా ఉండేవి. అలలు ఎంత అందంగా ఉన్న రోజైనా ఆయన ఇలా రాసేవారు: "ఇవాళ అలలు బాగున్నాయి. కానీ దిబ్బ మీద నీళ్ళు తక్కువ. ఇవాళ బాగున్నాయని రేపు కూడా బాగుంటాయనుకోవద్దు. నిజానికి ఇవాళ కూడా పూర్తిగా బాగున్నాయనుకోవద్దు." ఒకసారి ఎవరో ఆస్ట్రేలియా కుర్రాడు దాని కింద వ్యాఖ్య పెట్టాడు, ఇది రాసే మనిషి ఇంట్లో అందరూ క్షేమమేనా అని. నేను నవ్వాపుకుంటూ సార్‌కి చదివి వినిపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "క్షేమమేనని జవాబు రాయమ్మా. పాపం, ఎవరో అడిగాడు" అన్నారు. రాశాను. మరేం చేస్తాను?

మా మేనేజరు వేరే రకం. గోడలనిండా ఉత్సాహం కలిగించే మాటలు అంటించి, వర్షాకాలంలో కూడా నల్ల కళ్ళజోడు తల మీద పెట్టుకుని తిరిగేవాడు. అతనికి మేం పెట్టుకున్న పేరు "పాజిటివ్ సార్". ఒకరోజు పాపం ఆ పాజిటివ్ సార్ ముఖం వేలాడేసుకుని మా దగ్గరికి వచ్చాడు. రిసార్టు యజమాని ఫోన్ చేసి తిట్టాడట. మా జోస్యం చదివి అతిథులు పడవలెక్కడం మానేసి గదుల్లో పడుకుంటున్నారట.

"సార్, జర ఖుషీగ రాయరాదు సార్," అన్నాడు మేనేజరు పెద్దాయనతో. "మనం అలల గురించి రాస్తున్నం సార్, సంతాప సభ గురించి కాదు."

"ఉన్నదే రాస్తున్నానండి," అన్నారు సార్.

"ఉన్నది రాయండి సార్, ఎవరొద్దన్నరు? నవ్వుకుంట రాయండి. వచ్చే వారం పెద్ద స్వెల్ వస్తుందంట. దాన్ని పండగ లెక్క రాయాలె. లేకుంటే కాంట్రాక్ట్ తీస్కపోతడంట వాడు. ఇగ మన వరస మొత్తం ఇంటికే."

మా తమ్ముణ్ణి కాలేజీలో చేర్పించిన ఏడాది అది. వాడి చదువు నా మెడలో తాడు మీదే వేలాడుతోంది.

స్వెల్ మాత్రం నిజంగానే పెద్దది. దక్షిణ సముద్రంలో తుఫాను పట్టింది. అలలు సరిగ్గా ఆటు సమయానికి, అంటే దిబ్బ మీద నీళ్ళు పలచబడ్డప్పుడు వచ్చి పడేలా ఉన్నాయి. ఆరితేరిన ఆటగాడికి అంతకంటే మంచి రోజు ఉండదు. కొత్తవాడు పడితే మాత్రం కింద పగడపు రాయి కత్తుల బోనులా ఉంటుంది. సార్ చాలాసేపు తెర వంక చూసి ఒకే ఒక్క మాట టైపు చేశారు. "దిగకండి." మేనేజరు అది చూసి తల పట్టుకుని, నా వైపు తిరిగి, "సార్‌తోని కాదు. నువ్వు రాయ్ దీన్ని. మంచిగ రాయ్" అని వెళ్ళిపోయాడు.

నేను ఖాళీ తెర ముందు కూర్చున్నాను. మధ్యాహ్నం సార్ వచ్చి, "రా అమ్మా, టీ తాగొద్దాం" అన్నారు. హైటెక్ సిటీ ఫ్లైఓవర్ కింద ఒక టీ బండి ఉండేది. పైన బండ్లు పోతుంటే కింద గాజు గ్లాసులు సన్నగా వణికేవి. ధైర్యం చేసి అడిగాను.

"సార్, మీకు సముద్రమంటే అంత భయమెందుకు?"

ఆయన గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నారు. "మా అన్నయ్య కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానానికి వెళ్ళాడమ్మా. నేనప్పుడు చిన్నవాణ్ణి. నేనూ అమ్మా ఒడ్డునే ఉన్నాం. గాలి లేదు, మబ్బు లేదు. సముద్రం అద్దంలా ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలీదు, ఒక్క కెరటం వచ్చింది. అంతే. మళ్ళీ అద్దంలా అయిపోయింది." ఆగి, ఒక గుక్క తాగారు. "ఆ కెరటం ఎక్కడో పుట్టి, ఎన్నో రోజులు నడిచి వచ్చి ఉంటుందని చాలా ఏళ్ళ తర్వాత పుస్తకాల్లో చదువుకున్నాను. అది వస్తున్నట్టు ఎవరికో ఒకరికి తెలిసే ఉండాలి కదా అనిపించింది."

టీ చల్లారిపోయింది. ఆయన గ్లాసు కింద పెట్టి, "నీ ఉద్యోగం నీకు ముఖ్యం. ఆయన చెప్పినట్టే రాయి. నేనేమీ అనుకోను" అన్నారు. అనుకోనని ఆయన అన్న తీరే నా ప్రాణం తీసింది.

సాయంత్రం దాకా కూర్చుని నేను చివరికి రాసింది ఇది: "అలల పండగ వస్తోంది. ఇంత గొప్ప అలలు అరుదు. దయచేసి దిగకండి." మేనేజరు వేరే మీటింగులో ఉన్నాడు. మొదటి వాక్యం మాత్రమే ఫోన్లో చూసి బొటనవేలి బొమ్మ పంపించాడు. అది అలాగే వెబ్‌సైటులోకి ఎక్కింది. రిసార్టు వాళ్ళు దాన్ని చదివి, మా తలరాతకొద్దీ పూర్తిగా నమ్మారు. పడవలన్నీ ఒడ్డుకు లాగించి, అతిథులకు ఇసుకలో కుర్చీలు వేయించి, అరుదైన అలల్ని చూడ్డానికి కెమెరాలతో సహా కూర్చోబెట్టారు.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నే మేమంతా రిసార్టు కెమెరా చూపించే తెర చుట్టూ మూగాం. సముద్రం పడుకుని ఉంది. మా ఇంటి వెనకాల నీళ్ళ డ్రమ్ము కూడా అంతకంటే ఎక్కువ కదులుతుంది. ఒడ్డున తెల్లదొరలు వరసగా కూర్చుని ఏమీ లేని నీళ్ళ వంక చూస్తున్నారు. ఒకాయన నిద్రపోతున్నాడు. తుఫాను దారి మధ్యలో పక్కకు తిరిగి బలహీనపడిందట. మా అంకెలకు ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది.

అక్కడ అలలు లేవు గానీ ఇక్కడ హైటెక్ సిటీ మీద ఆకాశానికి చిల్లు పడింది. తెల్లవారుజామున మొదలైన వాన ఆగలేదు. కింద రోడ్డు కాలవైంది. ఒక్కో బస్సు పోతుంటే లేచిన నీళ్ళు ఫుట్‌పాత్ దాటి జిరాక్సు షాపు మెట్లెక్కుతున్నాయి. లోపల మేనేజరు ఫోనులో రిసార్టు యజమానికి క్షమాపణ చెబుతున్నాడు. మధ్యాహ్నంలోపే ఈమెయిలు వచ్చింది. కాంట్రాక్టు రద్దు. మేనేజరు దాని ప్రింటు పట్టుకుని మా మీద విరుచుకుపడటానికి ఊపిరి తీసుకున్నాడో లేదో, సెల్లార్ నుంచి వాచ్‌మన్ ఫోన్.

"సార్, మీ కారుల నీళ్ళొచ్చినయ్ సార్."

"ఎంత దాక?"

"స్టీరింగ్ కనవడ్తలేదు సార్."

కొత్త కారు. నంబరు ప్లేటుకు కట్టిన నిమ్మకాయలు కూడా ఇంకా పచ్చగా ఉన్నాయి. మేనేజరు తల మీద నల్ల కళ్ళజోడుతో అలాగే మెట్ల మీదుగా పరుగెత్తాడు. మాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అప్పుడు చూశాను, పెద్దాయన నవ్వుతున్నారు. ఆయనకు పళ్ళు ఉన్నాయని మా వరసలో ఎవరికీ అప్పటిదాకా తెలియదు.

"ఎవరూ దిగలేదు కదమ్మా?"

"లేదు సార్."

"అందరూ ఒడ్డునే ఉన్నారు కదా?"

"ఒడ్డునే ఉన్నరు సార్. కోపంగ ఉన్నరు."

"ఉండనీ," అన్నారాయన. "కోపంగా ఉండనీ. సాయంత్రం అన్నం తింటారు కదా."

ఉద్యోగం పోయిన రోజు మనిషికి దుఃఖం రావాలి. నాకు వచ్చింది కూడా. తమ్ముడు, ఇల్లు, నాన్న ముఖం అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. అయినా ఆయన నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది. సాయంత్రం అందరినీ ఇళ్ళకు పొమ్మన్నారు. కింద మెట్ల దగ్గర సార్ ప్యాంటు మడతపెట్టుకుని ఆఖరి మెట్టు మీద ఆగిపోయారు.

"నువ్వు వెళ్ళమ్మా. తగ్గాక వస్తాను."

"ఇది ఇప్పట్ల తగ్గదు సార్. నా వెనకే రండి."

గొడుగు ఆయన చేతిలోంచి తీసుకుని, దాని కొనతో నేల పొడుస్తూ ముందు నడిచాను. "మోకాళ్ళ దాకనే సార్... ఇక్కడ గుంత ఉంది, కుడికి రండి... ఇగ మంచిగుంది." బస్సు వచ్చినప్పుడల్లా నీళ్ళు తొడల దాకా లేచేవి. ఆయన ఫ్లైఓవర్ స్తంభాన్ని పట్టుకుని కళ్ళు మూసుకునేవారు.

"సముద్రం కాదు సార్, బస్సు."

"ఏదైనా నీళ్ళేగా అమ్మా," అనేవారు కళ్ళు తెరవకుండానే.

ఎంతసేపు నడిచామో తెలియదు. లింగంపల్లి పోయే బస్సు ఎక్కించి, కిటికీలోంచి గొడుగు అందిస్తే ఆయన రెండు చేతులూ జోడించారు. పెద్దవారు అలా నమస్కారం పెడితే ఏం చేయాలో నాకు తెలియక చేయి ఊపాను. ఎవరో సినిమాకు పోతున్నవాళ్ళకు ఊపినట్టు.

నెల తిరక్కుండానే మా వరస ఖాళీ అయింది. ఆయన బందరు వెళ్ళిపోయి పిల్లలకు ట్యూషన్లు చెప్పుకున్నారు. నేను కొన్నాళ్ళు ఇంట్లో కూర్చుని, అందరి ముఖాలూ చదివి, తర్వాత ఇంకో అద్దాల మేడలో చేరాను. ఆలస్యమైన సామాను గురించి "దారిలో ఉంది" అని కొనుక్కున్నవాళ్ళకు రాయడం అక్కడ నా పని. అది కూడా చూడకుండానే రాసేవాళ్ళం.

సముద్రాన్ని నేను మొదటిసారి చూసింది ఆ తర్వాత చాలా ఏళ్ళకు, ఒక స్నేహితురాలి పెళ్ళికి విశాఖపట్నం వెళ్ళినప్పుడు. అందరూ నీళ్ళలోకి పరుగెత్తారు. నేను వాళ్ళ చెప్పులు, ఫోన్లు కాపలా కాస్తూ ఇసుకలో నిలబడి ఆయనకు ఫోన్ చేశాను. ఆయన గొంతు బాగా సన్నబడింది.

"సార్, సముద్రం కాడున్న."

"ఎంత లోతులో ఉన్నావు?" అన్నారు వెంటనే.

"ఒడ్డునే సార్."

"ఎట్లా ఉందమ్మా?"

అన్నాళ్ళు పొద్దున లేస్తే అలల గురించి రాసినదాన్ని. ఎత్తు, దిక్కు, గాలి అన్నీ నోటికొచ్చినదాన్ని.

"చప్పుడు చేస్తుంది సార్," అన్నాను.

"అవునమ్మా," అన్నారు. "చేస్తుంది."

ఇప్పటికీ అప్పుడప్పుడు అప్పటి నేను, ఆ ఉద్యోగపు పిల్ల, గుర్తొస్తుంది. మెడలో కార్డు, కళ్ళలో అంకెలు, ప్రపంచంలోని ఆటగాళ్ళందరికీ దారి చూపిస్తున్నానన్న గర్వం. సముద్రానికి గొంతు ఉంటుందని ఎవరూ చెప్పలేదు పాపం దానికి. ఆ పిల్ల కూడా ఎవరినీ అడగలేదు.