అలక అనుకున్నాను

ఉదయం ఆరు నలభైకి పర్సుడీహ్ క్యాంపులో రిపోర్ట్ చేశాను. మే నెల. ఏడు కాకముందే పైకప్పు రేకులు కాలుతున్నాయి. ఇరవై నాలుగేళ్ళు ఆర్మీలో నర్సింగ్ అసిస్టెంటుగా చేసి రిటైరైనవాడిని. ఇది సైన్యం కాదు, నరాల జబ్బుల సర్వే. ఊళ్ళో ఎంతమందికి మూర్ఛ ఉంది, ఎంతమందికి పక్షవాతం, ఎంతమందికి చేతులు వణుకుతున్నాయి, ఇంటింటికీ తిరిగి లెక్క తేల్చాలి. నాకు మాత్రం డ్యూటీ అంటే డ్యూటీయే.

కిట్: ప్రశ్నల ఫారాలు, మోకాలి మీద తట్టి చూసే చిన్న సుత్తి, టార్చి, రెండు లీటర్ల నీళ్ళు. ఇద్దరిద్దరం జట్టు. పెద్ద డాక్టరు ఆర్డర్లు రెండే. అనుమానం ఉన్నవాళ్ళని క్యాంపుకి పంపాలి, జబ్బేదో ఆయన తేలుస్తారు. ఎవరి ఇంట్లో వాళ్ళు అడగకూడదు, జోడీ అడగాలి.

నా జోడీ ఒక నర్సు. నలభై ఏళ్ళుంటాయి. మాలాగే వాళ్ళదీ శ్రీకాకుళం వైపు, తను పుట్టింది ఈ హిందీ ఊళ్ళోనే. మొదటి వారం పర్సుడీహ్, రెండో వారం గోవింద్‌పూర్. ఆమెకు తొమ్మిది కేసులు దొరికాయి. నాకు ఒకటి. ఆ ఒక్కటీ మంచం పట్టిన పక్షవాతం మనిషి, వీధిలోంచే కనిపించాడు.

కడుపు మండిపోయింది. దాచడం ఎందుకు? నేను గుమ్మంలో నిటారుగా నిలబడి, ఇంట్లో ఎవరికైనా మూర్ఛ ఉందా అని హిందీలో అడిగేవాడిని. "నహీ సాబ్" అని తలుపు వేసేవాళ్ళు. ఆమె లోపలికి పోయి, కూర తరుగుతున్న ఆవిడ పక్కన పీట వేసుకునేది. అరగంటకి ఒక పేరు రాసుకుని వచ్చేది.

"నువ్వేదో ఆల నోట్లో మాటలెడతన్నావు" అన్నాను ఒకరోజు.

"నానేటి పెడతాను అన్నియ్యా? పడిపోడమే ఫిట్సని ఆలనుకుంటన్నారు. పనిలో ఉండగా సెయ్యాగిపోయి, పిలిత్తే పలక్కుండా ఎవలైనా ఉంటారా అని అడుగుతన్నాను. అంతే."

ఫారంలో ఏడో ప్రశ్న అదే. నేనూ రోజూ చదువుతూనే ఉన్నాను.

మూడో వారం భాలుబాసా, మేముండే పేట. పదకొండూ పదికి మా ఇంటి ముందు ఉన్నాం.

"మా ఇంట్లో ఎవలికీ ఏటీ నేదు. నేదని రాసీ" అన్నాను.

"ఆర్డరు గదా అన్నియ్యా" అని నన్ను అరుగు మీద ఉంచి లోపలికి వెళ్ళింది. కాసేపటికి పరదా వెనక నుంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

"వత్తాది. నెలకి రెండు మూడుసార్లు. గరిటె సేతిలోనే ఉంటాది, నాకేటీ తెలీదు. కూర మాడిపోయినాక తెలుత్తాది."

"అన్నియ్యకి సెప్పనేదా?"

"సెలవుకొచ్చేది నెల్లాళ్ళు. అందులో ఇదేటి సెప్తాను? ఇప్పుడేమో అలిగినాననుకుంటన్నారు. పోనీ, అలాగే అనుకోనీ అని ఊరుకున్నాను."

నిజమే, అలకే అనుకున్నాను. మాట మధ్యలో ఆగిపోయి నన్ను దాటి చూస్తుంటే, ఏళ్ళ తరబడి ఇంట్లో లేనందుకు సాధిస్తోందనుకున్నాను. అంతకంటే తప్పుడు ఆలోచన కూడా వచ్చింది, ఆ చూపులో ఎవరున్నారని. రెండుసార్లు ఆమె ఫోను తీసి చూశాను. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. నాకు చెప్పనిది నర్సుకి పావుగంటలో చెప్పింది. ఆ పూట నర్సు మీద వచ్చినంత అసూయ నాకు జీవితంలో ఎవరి మీదా రాలేదు.

నర్సుకి పదో కేసు మా ఇల్లు.

క్యాంపులో మా ఆవిడ తలకి వైర్లు పెట్టి పరీక్ష చేశారు. ఇదీ మూర్ఛే, పడిపోనక్కర్లేదు అన్నారు పెద్ద డాక్టరు. మాత్రలు రాశారు. కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుందని, వచ్చినప్పుడు పట్టుకుని కుదపొద్దని, పక్కనే ఉండమని చెప్పారు.

నెలాఖరున సుత్తి, టార్చి అప్పజెప్పి సంతకం పెట్టాను. సాయంత్రం అయిదూ ఇరవైకి ఇల్లు చేరాను. తలుపు తీసింది మా ఆవిడే. నా చేతిలో సంచీ అందుకుంది. "ఎండకి నల్లబడిపోనారు" అంది. దండెం మీది చీర తీసి మడత పెడుతూ ఆగిపోయింది. పెదవులు ఏదో నములుతున్నట్టు కొద్దిగా కదిలాయి. కళ్ళు నా భుజం మీదుగా ఎటో పోయాయి.

అప్పటికి నాకు జబ్బు పేరు తెలుసు, మాత్ర పేరు తెలుసు. అయినా వెనక్కి తిరిగి చూశాను. గోడ ఉంది.

నా వాచీలో ముప్పై తొమ్మిది సెకన్లు. ఆమె ముందు చేతిలో చీర చూసుకుంది, తర్వాత నన్ను చూసింది.

"ఎప్పుడొచ్చినారు?" అంది.

"ఇప్పుడే" అన్నాను.